నాలుగు వేళ్ళ కొసరు

మా ఆయన ఇంటర్ ఫెయిలు. అదీ లెక్కల్లో. నేనేమో మా ఊరు బద్వేలులోనే ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి నవ్వని చుట్టం మా రెండు వైపులా ఒక్కరూ లేరు. దీపం కిందే చీకటంటే ఇదేనని మా చిన్నత్త ప్రతి పెళ్ళిలోనూ, అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడే అనేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కనుక చారన్నం కలుపుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయేది. మా ఆయన మాత్రం హాయిగా నవ్వి ఇంకో వడ వేయించుకునేవాడు.

నేను ఆత్మకూరు పిల్లను. మా నాన్నది కిరాణా అంగడి. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మధ్యవర్తి, "పిల్లోడు ఇంటర్ దాకా చదివినాడు" అని గొప్పగా చెప్పబోయాడు. కాఫీ తాగుతున్న పిల్లోడు గ్లాసు కింద పెట్టి, దాకా లేదు ఏమీ లేదు, ఇంటర్ తప్పినా, లెక్కల్లో పోయింది అన్నాడు. లోపల తలుపు పక్కన నిలబడ్డ నాకు నవ్వాగలేదు. అప్పటికి నన్ను చూసి వెళ్ళిన వాళ్ళంతా ఉన్నదానికి నాలుగింతలు చెప్పుకున్నవాళ్ళే. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి దొరికాడని ఆ ఒక్క మాటకు ఒప్పుకున్నాను. ఎమ్మెస్సీ చదివిన పిల్లకు ఇదేం ఖర్మ అని ఆత్మకూరంతా అనుకుంది. అనుకోనీ.

మా ఆయనది బట్టల అంగడి. మామ పెట్టిన అంగడి. రెడీమేడ్లు వచ్చాక గుడ్డ చింపించుకునేవాళ్ళు తగ్గినా, రవికె గుడ్డలకూ పావడా గుడ్డలకూ పిల్లల యూనిఫారాలకూ మా బల్ల దగ్గరికి రాక తప్పదు. ఆ బల్ల నల్లటి పాత చెక్కబల్ల. దాని మీద ఇనుప మీటరు కడ్డీ. మా అంగట్లో ఒక పద్ధతి ఉంది. కొలత పూర్తయ్యాక ఎడమచేతి బొటనవేలు కొలత ఆగిన చోట నొక్కిపెట్టి, అక్కడి నుంచి ఇంకో నాలుగు వేళ్ళ వెడల్పు ముందుకు జరిగి, అప్పుడు కత్తెర వేస్తారు. ఆ నాలుగు వేళ్ళూ కొసరు. కొలతకు సరిగ్గా కోసి ఇవ్వడమంటే మా ఇంట్లో వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వకుండా పంపడం లాంటిది. కొలత దేవునిది, కొసరు మనది అని మామ అనేవాడట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కొసరు మాత్రం పోలేదు.

ఇక అసలు కథ. ఒక ఎండాకాలం సెలవుల్లో నేను మధ్యాహ్నాలు అంగట్లో కూర్చునేదాన్ని. ఇంట్లో కన్నా అక్కడ ఫ్యాను బాగా తిరిగేది. మా బద్వేలు ఎండ సంగతి తెలిసిందే, రెండు గంటల నుంచి నాలుగున్నర దాకా బజారులో కుక్క కూడా తిరగదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన గొడుగు ముడుస్తూ మెట్లెక్కాడు. తెల్ల అంగీ, తెల్ల పంచె. ఆయన్ను చూడగానే మా ఆయన, "లోపల థాన్లు సర్దల్ల" అని గొణిగి, అరల వెనక్కి మాయమయ్యాడు. గుమాస్తా ఆ రోజు వేంపల్లెలో పెళ్ళికి పోయాడు. బల్ల దగ్గర మిగిలింది నేనొక్కదాన్నే.

పెద్దాయన ఎవరో నాకు తెలుసు. ఊళ్ళో కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన సారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి అంగీకి రెండుంపావు మీటర్ల తెల్లగుడ్డ తీసుకుపోతారు. ఇంకో రంగు చూపించినా చూడరు. నేను కొలిచాను. కొలత నాకు రాకపోవడమేమిటి, వచ్చింది. కత్తెరే రాలేదు. గుడ్డ ఒకవైపు కిందికి, ఒకవైపు మీదికి, పాము పాకినట్టు తెగింది. సారు ఆ వంకర చూసి, ఫర్వాలేదమ్మా, దర్జీ సరి చేసుకుంటాడులే అని మెత్తగా అని, డబ్బులిచ్చి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా పట్టుకుని లోపలికి పోతే, మా ఆయన రెండు అరల సందులో, చేతిలో ఏ థానూ లేకుండా ఊరికే నిలబడి ఉన్నాడు.

కొనేవాళ్ళు వస్తే దాక్కునే అంగడివాణ్ణి నేను ఎక్కడా చూడలేదని, నా పరువు తీశారని నోటికొచ్చిందంతా అన్నాను. ఆయన విన్నాడు. నా ఊపిరి అయిపోయాక నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఇంటర్ మొదటి ఏడాదిలో ఆయనకు లెక్కలు చెప్పింది ఆ సారే. ఒకరోజు పిలిచి బోర్డు మీద సైన్ 2x బొమ్మ గీయమన్నారు, సున్నా నుంచి పై (π) దాకా. ఈయన గీశాడు. అల మెల్లగా సాగుతూ సాగుతూ ఆగవలసిన చోటు దాటి బోర్డు అంచు దాకా పోయింది. సారు నవ్వుతూ, "ఎక్కువ పోతాండావప్పా. ఇది మీ అంగడి కాదు" అన్నారట. క్లాసంతా గొల్లుమన్నది. ఎవరి అంగడో, ఆ బల్ల ఎక్కడో అందరికీ తెలుసు కదా. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చినవాడు మళ్ళీ లెక్కల క్లాసులో కూర్చోలేదు. పరీక్ష తప్పాడు. అంగట్లో కూర్చున్నాడు.

"సారు చెడ్డ మనిషి కాదు మే" అన్నాడు మా ఆయన. "ఆ మాట ఆయప్పకు గుర్తు గూడా ఉండదు. నాకే ఉండాది. ఆయన ముందర కడ్డీ పట్టుకుంటే నా చెయ్యి వణుకుతాది."

అన్నేళ్ళుగా సారు వచ్చినప్పుడల్లా గుమాస్తానే కోసి ఇచ్చేవాడట. నేను గమనించనే లేదు. పెళ్ళిచూపుల్లో నన్ను నవ్వించిన ఆ 'లెక్కల్లో పోయింది' వెనక ఇంత ఉందని నాకేం తెలుసు? మరి ఇప్పుడేం చేద్దామంటారు అని అడిగాను. ఆయన ముందే అనుకుని పెట్టుకున్నట్టు చెప్పాడు.

"ఆ పరీక్ష ఒక్కసారి పాసయితే, ఆయన ముందర నిలబడి నా చేత్తో గుడ్డ కొలిచిస్తా. ఇంకేం వద్దు నాకు. నువ్వు చెప్తావా?"

చెప్పనని ఎలా అంటాను. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించాను. తక్కినవి ఆయనే చదువుకుంటానన్నాడు, లెక్కలు నా నెత్తిన పడ్డాయి. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత.

మధ్యాహ్నాలు, బజారు నిద్రపోయే వేళ, ఆ నల్లబల్లే మా తరగతి. సెలవులయ్యాక ఆదివారాలు. గుణకారాలూ త్రికోణమితి సూత్రాలూ ఆయన బాగానే పట్టాడు, వ్యాపారం చేసేవాడి బుర్ర కదా. బొమ్మల దగ్గరే వచ్చింది చిక్కు. సైన్ అలకు ఐదు చోట్లు గుర్తుంటే చాలని నా పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. మొదట్లో గీత మీద, పావుకు పైన, అరకు మళ్ళీ గీత మీద, ముప్పావుకు కింద, పూర్తయ్యేసరికి మళ్ళీ గీత మీద. ఆయన మొహం వెలిగింది. పావు, అర, ముప్పావు అంటే ఇది నేను రోజూ పట్టుకునే కడ్డీయే కదా అన్నాడు. అబ్బ, ఎంత సులువుగా ఎక్కిందీ అని నేను మురిసిపోయాను. ముందుంది ముసళ్ళ పండగ.

గ్రాఫు కాగితం మీద సైన్ 2x గీయమన్నాను. పావుకు ఆరు గళ్ళు. ఆయన స్కేలు పెట్టి కొలిచాడు, పెన్సిలు మొన పెట్టాడు, చుక్క పెట్టాడు. చూస్తే ఆరు మీద లేదు, ఆరు దాటి ఉంది. అక్కణ్ణుంచి ఇంకో ఆరు కొలిచాడు. అదీ దాటింది. నాలుగు పావులూ అయ్యేసరికి అల పై దగ్గర గీతను తాకాల్సింది పోయి, రెండు గళ్ళ అవతల తాకింది. మళ్ళీ గీయించాను. మళ్ళీ అంతే. కళ్ళద్దాలు మార్పించాను. అంతే. కొత్త స్కేలు కొనిచ్చాను. అంతే.

"కండ్లు యాడ పెట్టుకోనుండారు? ఆరంటే ఆరే కదా!" అని స్కేలు బల్లకేసి కొడితే అది రెండు ముక్కలైంది. ఆయన ఆ ముక్కలు రెండూ జాగ్రత్తగా కలిపి చూసి, మేడం గారూ, ఇప్పుడిది ఇంకా పొట్టిదయింది, నా బొమ్మ సరిపోతాదేమో అన్నాడు. ఇలాంటి మనిషితో ఎంతసేపని కోపంగా ఉండగలం? అయినా ఉండేదాన్ని. కాలేజీలో నలభైమంది పిల్లలకు ఒక్కసారి చెప్పి బొమ్మ గీయించే నాకు, ఇంట్లో ఒక్క మొగుడితో తల ప్రాణం తోకకు వచ్చింది. పైగా ఆయన ఆ బొమ్మలను చింపనిచ్చేవాడు కాదు. బల్ల చివర పెట్టేవాడు. రవికె గుడ్డకు వచ్చిన ఒకామె అవి తిరగేసి, ఈ అలల అంచు బాగుండాది, ఈ అంచున్న చీర చూపించమని పట్టుబట్టింది. లేదంటే ఆమెకు కోపం వచ్చింది. ఆ రోజంతా నవ్వుకున్నాం.

ఫోన్లో ఇలాంటి బొమ్మలు గీసే యాప్ ఉంటుందని ఎవరో చెబితే ఒకరోజు దించుకున్నాడు. సమీకరణం కొట్టగానే అల టక్కున వచ్చింది. రెండు మూడు గీయించి చూసి ఫోను పక్కన పెట్టేశాడు. రెడీమేడ్ అంగీ మాదిరి ఉండాదన్నాడు. బాగానే ఉంటాది గానీ ఎట్ల కుట్టినారో మనకు తెలీదు కదా అని మళ్ళీ పెన్సిలు చెక్కుకున్నాడు. ఆ తరువాత ఈ మాట నా కాలేజీ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ పొడుగు జబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక ఆదివారం నాకు కనబడింది. పాఠం మధ్యలో ఒకాయన మూడు మీటర్ల ప్యాంటు గుడ్డ కోసం వచ్చాడు. నేను గ్రాఫు కాగితం పక్కకు జరిపి కూర్చున్నాను. మా ఆయన కొలుస్తున్నాడు. కొలత ఆగింది. బొటనవేలు నొక్కింది. కుడిచెయ్యి నాలుగు వేళ్ళు ముందుకు జరిగింది. కత్తెర పడింది. ఎన్ని వందలసార్లు చూశానో ఆ జరగడం. ఆ రోజు మాత్రం అందులో పెన్సిలు కనబడింది. ఆరు గళ్ళు కొలిచి, ఎడమ బొటనవేలు అక్కడ నొక్కి, పెన్సిలు మొన రవ్వంత ముందుకు జరిపి చుక్క పెట్టడం. ఈ మహానుభావుడు నా గ్రాఫు కాగితానికి కొసరు వేస్తున్నాడు! పావు పావుకూ వేస్తున్నాడు!

గుడ్డ తీసుకుని ఆ మనిషి మెట్లు దిగేదాకా ఎలా ఆగానో. మీటరు మీటరుకూ కొసరు వేస్తారా మీరు అని అడిగాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"మీటరు మీటరుకు ఏస్తే అంగడి మూసుకోని పోవల్ల. కొలిచేటప్పుడు కొలతే. అంతా అయినాక, చివర్న, ఒక్కసారి ఏస్తాం."

అన్నాక ఆయన చూపు బల్ల మీది గ్రాఫు వైపు పోయింది. చాలాసేపు దాన్నే చూశాడు. నేను చెబితే చెడిపోతుందని, కాగితం ఆయన ముందుకు జరిపాను. బొటనవేలితో ఒక్కో చుక్కనూ తడిమాడు. పావు దగ్గర రవ్వంత, అర దగ్గర రవ్వంత, ముప్పావు దగ్గర రవ్వంత. పదిహేడేళ్ళప్పుడు బోర్డు మీద అల ఎందుకు అంచు దాకా పోయిందో ఆయనకు అప్పుడు తెలిసింది. చదువు రాక కాదు. తెలివి లేక కాదు. చిన్నప్పటి నుంచి వాళ్ళ నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న చెయ్యి అది, సరిగ్గా కోయడం దానికి తెలియదు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కనబడకుండా, ఇంకేం, ఇంకో కాగితం తీసి గీయండి అని కసిరాను.

గీశాడు. నాలుగు పావులూ గళ్ళ మీదే పడ్డాయి. అల పై దగ్గర గీతను తాకింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ఫ్యాను గాలికి ఎగరకుండా పట్టుకున్నాడు. ఇంతకీ దీనికి కొసరు యాడ ఏయల్ల అని అడిగాడు. యాడా లేదు, ఇది లెక్క అన్నాను. పాపం దీనికి అన్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. 3 సైన్ (2x - పై బై 3) వచ్చిపడింది. మూడు అంటే అల ఎత్తు మూడింతలు, అది ఇట్టే ఒప్పుకున్నాడు. రెండు అంటే అల సగానికి కుదించుకుపోతుంది, అదీ సరే. అల ఎంత జరుగుతుందనే దగ్గర మొండికేశాడు. నా పిల్లలందరూ పై బై 3 జరిపేస్తారు. నిజానికి జరగాల్సింది పై బై 6. రెండును బయటికి తీసి రాసి చూపించాను. రాయడం వచ్చింది, మనసు ఒప్పుకోలేదు. కాగితం మీద మూడో వంతు రాసి ఆరో వంతు జరపమంటే ఎట్ల, ఇదేం న్యాయం, మేమిట్ల చేస్తే ఎవరన్నా అంగడికి వస్తారా అని వాదన. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. నాలుగు ఆదివారాలు అక్కడే తిరిగాం. పరీక్ష దగ్గర పడుతోంది. ఈ ప్రశ్న తప్పకుండా వస్తుందని నాకు తెలుసు, ఇది తప్పితే ఆయన మళ్ళీ ఆ బోర్డు ముందరే నిలబడతాడనీ తెలుసు.

చివరికి ఆత్మకూరులో మా అమ్మ నాకు పావడాలు కుట్టడం గుర్తొచ్చింది. ఒక మీటరు పావడా గుడ్డ చింపమన్నాను. సుద్దతో దాని పొడుగునా అల గీశాను, అల మొదలయ్యే ముందు కొంత జాగా ఖాళీగా వదిలాను. ఈ ఖాళీయే అల జరిగిన దూరం, మీ పై బై 3 అన్నాను. తరువాత అంచు వెంబడి సూదీ దారం పోనిచ్చి, మా అమ్మ నడుముకు కుచ్చులు పెట్టినట్టు, సమంగా కుచ్చులు పెడుతూ గుడ్డంతా సగానికి తెచ్చాను. ఇప్పుడు ఖాళీ ఎంతుందో కొలవమన్నాను. ఆయన కడ్డీ పెట్టాడు. ఖాళీ కూడా సగమైంది. కుచ్చులు విప్పి మళ్ళీ లాగి చూశాడు. మళ్ళీ కొలిచాడు. గుడ్డతో పాటు ఖాళీ గూడా కుచ్చులోకి పోతాది అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు. ఆ తరువాత పై బై 3 గురించి నాతో ఎన్నడూ వాదించలేదు. ఆ ఏడాది నా కాలేజీలో కూడా ఒక మీటరు గుడ్డ పట్టుకుపోయి అదే పాఠం చెప్పాను. ఆయనకు చెప్పకముందు నేను ఈ పాఠాన్ని ఇంత బాగా ఎన్నడూ చెప్పలేదు.

పరీక్ష కడపలో పడింది. పొద్దున్నే బస్సెక్కాం. సిద్ధవటం దగ్గర పెన్న దాటుతున్నప్పుడు ఆయన కిటికీలోంచి ఇసుక చూస్తూ పావు, అర, ముప్పావు అని పెదాలు కదుపుతున్నాడు. హాలు బయట ఆయనతో పాటు నిలబడినవాళ్ళంతా సగం వయసు పిల్లలు. ఒకడు ఆయన్ను ఇన్విజిలేటర్ అనుకుని నమస్కారం పెట్టాడు. ఆయన కూడా పెట్టాడు. నేను ఎదురుగా హోటల్లో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలను పరీక్షకు పంపానో, ఒక్కరి కోసం కూడా ఇలా బయట కాచుకుని కూర్చోలేదు. ఉగ్గాని తెప్పించుకుని ఒక్క ముద్ద తినలేకపోయాను.

బయటికి వచ్చినప్పుడు ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. బొమ్మ వచ్చిందా అని అడిగాను. వచ్చిందన్నాడు. గీస్తిరా అన్నాను.

"గీసినా. సరిగ్గా ఆడికే ఆపినా. చెయ్యి ముందుకు పోవల్లనే చూసింది, ఎడం చేత్తో పట్టుకున్నా" అన్నాడు. "కొసరు లేకుండా ఇచ్చేసరికి మనసుకు శానా కష్టమాయ మే."

నేను అక్కడే, రోడ్డు మీద, పిల్లలందరి మధ్య ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళకు.

ఫలితం ఫోన్లో వచ్చింది. ఆ వేళ ఆయన ఎవరికో దుప్పటి గుడ్డ కొలుస్తున్నాడు. నేను నంబరు కొట్టి చూసి ఫోను ఆయన ముందు పెట్టాను. పాస్. ఆయన చూశాడు, ఫోను బోర్లా పెట్టాడు, కొలత ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచి కొనసాగించాడు. ఆ దుప్పటికి మాత్రం నాలుగు వేళ్ళు కాదు, జానెడు కొసరు పడింది. నేను అప్పటికప్పుడు మా చిన్నత్తకు ఫోను చేసి ఆమె దీపం సంగతి తేల్చేద్దామనుకున్నాను. ఆయన చేయనివ్వలేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. సారు కోసం కొత్త తెల్ల థాను ఒకటి తెప్పించి, మీటరు కడ్డీకి దగ్గరగా పై అరలో పెట్టుకున్నాడు.

సారు రాలేదు. వానలు పడ్డాయి, రాలేదు. దసరాకు కూడా రాలేదు. నాకు ఆగలేదు. ఊళ్ళోనే కదా ఇల్లు, పోయి చెప్పి రండి, నేనూ వస్తానన్నాను. ఇంటికి పోయి చెప్పేది కాదు, అంగట్లో కొలిచేది అన్నాడు. పోగా పోగా సారు కంటి ఆపరేషన్ చేయించుకున్నారని తెలిసింది. ఆ రోజు నుంచి మా ఆయన థాను మీది దుమ్ము రోజూ దులిపేవాడు. మెట్ల మీద ఎవరిదైనా గొడుగు చప్పుడైతే తల ఎత్తేవాడు. ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డ మనిషి, ఇంక రాకపోతేనో అని నాకే దిగులు పట్టుకుంది.

చలి తగ్గి మళ్ళీ ఎండ ముదురుతున్నప్పుడు ఒక ఆదివారం వచ్చారు. నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు అన్నీ తళతళలాడుతూ కనబడుతున్నాయి, పాత అంగీలన్నీ ఇంత మాసి ఉన్నాయని తెలియలేదమ్మా అన్నారు నాతో. గుమాస్తా అలవాటు ప్రకారం లేవబోయాడు. మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పై అర నుంచి థాను తానే దించాడు. బల్ల మీద గుడ్డ పరుచుకుంది. కడ్డీ తీశాడు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. మొదటి మీటరు. చెయ్యి వణకలేదు. రెండో మీటరు. పావు. బొటనవేలు నొక్కింది. ఒక్క నూలుపోగు అటూ ఇటూ లేదు. తరువాత కుడిచెయ్యి నాలుగు వేళ్ళు ముందుకు జరిగింది.

సారు కొత్త కళ్ళతో కడ్డీ వైపు వంగి చూశారు.

"ఎక్కువ పోతాండావప్పా" అన్నారు.

అదే మాట. ఆయనకు గుర్తుండి అన్నది కాదు, తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేని లెక్కల మనిషి మాట. మా ఆయన తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. నవ్వాడు.

"తెలిసే పోతాండా సార్. కొలత ఈడికి అయిపాయ. ఇది కొసరు."

కత్తెర పడింది. ఎక్కడా వంకర పోలేదు.